మిగిలిన గంట ఎవరిది?

2021 మేలో, కరోనా సెకండ్ వేవ్ ఉధృతంగా ఉన్న రోజుల్లో, విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ బ్లెండెడ్ లెర్నింగ్ మీద ఒక ముసాయిదా విడుదల చేసి అభిప్రాయాలు పంపమంది. ప్రతి కోర్సులో 40 శాతం దాకా ఆన్‌లైన్‌లో చెప్పుకోవచ్చు, మిగతా 60 శాతం తరగతి గదిలో జరగాలి అన్నది దాని సారాంశం. అప్పటినుంచి ఈ మాట మన కాలేజీల సర్క్యులర్లలో, కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్ ఫైళ్లలో, అధ్యాపకుల శిక్షణ కార్యక్రమాల (ఎఫ్‌డీపీ) బ్యానర్ల మీద కనిపిస్తూనే ఉంది. చర్చంతా మాత్రం ఆ 40 శాతం చుట్టూనే తిరిగింది. ఏ ప్లాట్‌ఫామ్ వాడాలి, వీడియోలు ఎవరు తీయాలి, ఆన్‌లైన్ పాఠాలు నడిపే సాఫ్ట్‌వేర్‌లో (ఎల్ఎంఎస్) హాజరు ఎలా లెక్కపెట్టాలి, ఇవే ప్రశ్నలు. పాఠంలో కొంత భాగం బయటికి వెళ్లిపోయాక తరగతిలో ఏం జరగాలి అని అడిగినవాళ్లు నాకు తక్కువమందే తగిలారు.

నేను స్టాటిస్టిక్స్ చెప్తాను, డిగ్రీ పిల్లలకూ పీజీ పిల్లలకూ. బ్లెండెడ్ పద్ధతి మన విశ్వవిద్యాలయాలకు కావాలని, అదీ త్వరగా కావాలని గట్టిగా నమ్ముతాను. అంతే గట్టిగా ఇంకో మాటా నమ్ముతాను. వీడియో వల్ల మిగిలే గంట విద్యార్థికి దక్కకపోతే ఈ పద్ధతి మొదలుపెట్టకపోవడమే మేలు.

మన డిగ్రీ క్లాసులో ఒక పీరియడ్ ఎలా గడుస్తుందో చదువుకున్నవాళ్లందరికీ తెలుసు. హాజరు పిలవడానికి కొన్ని నిమిషాలు పోతాయి. తర్వాత నిర్వచనం, బోర్డు మీద డెరివేషన్. పిల్లలు అదంతా నోట్సులోకి ఎక్కించుకుంటారు. చివర్లో "డౌట్స్ ఏమైనా ఉన్నాయా?" అని అడుగుతాం. ఎవరూ నోరు విప్పరు. లెక్కలు ఇంటి దగ్గర చేసుకు రమ్మంటాం, బెల్లు కొడతారు. అంటే వినడం, రాసుకోవడం అనే తేలిక పని జరిగేటప్పుడు టీచర్ ఎదురుగా ఉంటుంది. బుర్ర బద్దలుకొట్టుకోవాల్సిన పనికి వచ్చేసరికి పిల్ల ఇంటి దగ్గర ఒక్కతే. ఇంట్లో అడగడానికి పెద్ద చదువు చదివినవాళ్లు లేని పిల్లలే మా క్లాసుల్లో ఎక్కువ. వాళ్లు ఆ లెక్కల దగ్గరే ఆగిపోతారు. పరీక్షల ముందు గైడు కొని, అందులో చేసిపెట్టిన లెక్కల్ని బట్టీ పడతారు.

ఈ వరసను తిరగేసే వీలు ఉంది కాబట్టే నాకు బ్లెండెడ్ పద్ధతి మీద ఆశ. విని అర్థం చేసుకోగలిగినంత మేరకు ఇంటికి పంపేసి, తడబడే చోటు వచ్చేసరికి పక్కన టీచర్, స్నేహితులు ఉండేలా చూసుకోవచ్చు.

ఈ ఆలోచన మనకు కొత్తేమీ కాదు. 1982లో హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. దేశంలో అదే మొదటి ఓపెన్ యూనివర్సిటీ. ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నడుస్తోంది. పుస్తకాలు ఇంటికి వచ్చేవి, దగ్గర్లోని స్టడీ సెంటర్‌లో కాంటాక్ట్ క్లాసులు జరిగేవి. ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు, పెళ్లయి చదువు ఆగిపోయిన ఆడవాళ్లు ఎంతోమంది ఆ దారిన డిగ్రీ తెచ్చుకున్నారు. అలా చదివినవాళ్లను కదిపి చూడండి. పుస్తకాల గురించి ఒక మాట చెప్పి, ఆదివారం క్లాసు గురించి పది మాటలు చెప్తారు. వారమంతా చదివి అర్థంకాని వాటిని పట్టుకుని వెళ్లేవాళ్లు కాబట్టి ఆ రెండు మూడు గంటలకు అంత విలువ.

తర్వాత 2008లో ఆర్జీయూకేటీ వచ్చింది, మనం ట్రిపుల్ ఐటీ అంటామే, నూజివీడు, ఇడుపులపాయ, బాసర. పల్లెటూరి బడుల్లో పదో తరగతి బాగా పాసైన పిల్లల్ని తెచ్చి, ఒక్కొక్కరికీ ల్యాప్‌టాప్ ఇచ్చి, రికార్డు చేసిన పాఠాలు చూపిస్తూ, పక్కన మెంటర్లను ఉంచి నడపాలన్న ఆలోచనతో అవి మొదలయ్యాయి. మన ఊళ్ల పిల్లల కోసం ఇంత పెద్దగా ఆలోచించిన ప్రయత్నం ఇంకోటి నాకు కనబడదు. ల్యాప్‌టాప్ సంగతే అందరూ చెప్పుకుంటారు గానీ, అక్కడి అసలు బలం పిల్లలంతా క్యాంపస్‌లోనే ఉండటం. వీడియో చూసి అర్థంకాకపోతే పక్క మంచం మీద ఉన్న స్నేహితుణ్ణి అడగొచ్చు. రోజూ బస్సెక్కి వచ్చి బస్సెక్కి వెళ్లిపోయే మా డిగ్రీ పిల్లలకు ఆ వసతి లేదు. వాళ్లు ఒకరితో ఒకరు కూర్చుని చదువు గురించి మాట్లాడుకునే చోటు తరగతి గది ఒక్కటే. అందుకే దాన్ని కుదించే ఏ ప్రతిపాదన వచ్చినా నాకు కోపం వస్తుంది.

ఇక శాన్‌హోజే స్టేట్ యూనివర్సిటీ సంగతి. కాలిఫోర్నియాలోని ఈ ప్రభుత్వ విశ్వవిద్యాలయం మన పిల్లలు ఎమ్మెస్‌కి బాగా వెళ్లే చోటే. ఏడాది వ్యవధిలో అక్కడ జరిగిన మూడు సంగతులు ఈ మొత్తం వాదనకు సరిపోతాయి.

2012 ఫాల్ సెమిస్టర్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ పిల్లలకు సర్క్యూట్స్ కోర్సులో ఒక సెక్షన్‌ను కొత్త పద్ధతిలో నడిపారు. ఎంఐటీ వాళ్లు ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో పెట్టిన వీడియో పాఠాలను పిల్లలు ఇంటి దగ్గర చూసి వచ్చేవారు. క్లాసులో ప్రొఫెసర్ సమక్షంలో గుంపులుగా కూర్చుని సమస్యలు సాధించేవారు. ఆ సెక్షన్‌లో 91 శాతం పాసయ్యారు. మామూలుగా చెప్పిన మిగతా సెక్షన్లలో పాసైనవాళ్లు 60 శాతం కూడా లేరు. ఒక్క సెక్షన్ ఫలితాన్ని పట్టుకుని సిద్ధాంతం కట్టకూడదని స్టాటిస్టిక్స్ చెప్పే నాకు తెలుసు. అయినా తేడా చిన్నది కాదు.

ఆ వెంటనే 2013 మొదట్లో ఉడాసిటీ అనే కంపెనీతో కలిసి మూడు లెక్కల కోర్సుల్ని పూర్తిగా ఆన్‌లైన్‌లో పెట్టారు. వాటిలో రెమెడియల్ మ్యాథ్స్ ఒకటి. అంటే ముందే లెక్కల్లో వెనకబడిన పిల్లలు చేసే కోర్సు. మూడింటిలోనూ క్లాసులో చదివినవాళ్లకన్నా చాలా తక్కువమంది గట్టెక్కారు. జులైలో ఆ ప్రయోగాన్ని తాత్కాలికంగా ఆపుతున్నామని ప్రకటించారు. ఎవరికి టీచర్ అవసరం అందరికన్నా ఎక్కువో వాళ్ల దగ్గరినుంచే టీచర్‌ను తీసేశారు మరి.

మూడోది అదే ఏడాది వసంతంలో. హార్వర్డ్ ప్రొఫెసర్ మైకేల్ శాండెల్ న్యాయం మీద చెప్పిన ఆన్‌లైన్ కోర్సును వాడుకోమని అడిగితే శాన్‌హోజే ఫిలాసఫీ శాఖ అధ్యాపకులు ఒప్పుకోలేదు. ఆయనకే బహిరంగ లేఖ రాశారు. డబ్బున్న విశ్వవిద్యాలయాల్లో పిల్లల ఎదుట ప్రొఫెసర్ ఉంటాడు, లేనివాటిలో ఆ ప్రొఫెసర్ వీడియో ఉంటుంది, అక్కడి అధ్యాపకులు వీడియో వేసే సహాయకులుగా మిగులుతారు అన్నది వాళ్ల భయం. ఆ లేఖ చదివినప్పుడు నాకు మన జిల్లాల్లోని కాలేజీలు కళ్లముందు మెదిలాయి. ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు 2003లో మొదలైన ఎన్‌పీటెల్ పుణ్యమా అని ఉచితంగా దొరుకుతున్నాయి. 2017 జులైలో కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం వచ్చింది. అవి మంచి పాఠాలు, నేనూ వాడతాను. కానీ "ఐఐటీ సారే చెప్తుంటే మళ్లీ మీరెందుకు?" అని ఒక యాజమాన్యం అడగడానికి ఎంతో దూరంలో లేం.

నిజానికి అడిగేశారు కూడా. మా ప్రాంతంలో ఒక కాలేజీలో టైంటేబుల్‌లో కొన్ని పీరియడ్ల మీద బ్లెండెడ్ అని రాసి, ఆ మేరకు గెస్ట్ ఫ్యాకల్టీ గంటలు తగ్గించేశారు. పిల్లలకు లింకులు పంపారు. క్లాసులో జరిగే మిగతా పీరియడ్లలో యథాప్రకారం నోట్స్ డిక్టేషన్. నాతో కలిసి చదువుకున్న స్నేహితురాలికి ఆ సెమిస్టర్ జీతం దాదాపు సగానికి పడిపోయింది. దీనికీ బ్లెండెడ్ లెర్నింగ్‌కీ సంబంధమే లేదు.

అమెరికా విద్యాశాఖ 2010లో ప్రకటించిన ఒక పెద్ద సమీక్ష ఉంది. ఆన్‌లైన్, ముఖాముఖి, రెండూ కలిసిన బోధనల మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనల్ని జల్లెడ పట్టింది. కలిపి చెప్పినచోట పిల్లలు మెరుగ్గా నేర్చుకున్నారని తేలింది. ప్లాట్‌ఫామ్‌లు అమ్మేవాళ్లు ఇంతవరకే చెప్తారు. అదే నివేదికలో రచయితలు ఇంకో మాట స్పష్టంగా రాశారు. కలిపి చెప్పినచోట్ల పిల్లలు చదువు మీద గడిపిన సమయమూ ఎక్కువే, వాళ్లకు ఇచ్చిన సామగ్రీ ఎక్కువే, కాబట్టి ఈ మెరుగుదలను ఆన్‌లైన్ మాధ్యమం గొప్పతనంగా లెక్కకట్టవద్దు అని. ఈ ఒక్క హెచ్చరికను ప్రతి ప్రిన్సిపాల్ టేబుల్ మీద అంటించాలనిపిస్తుంది. సమయం పెంచితే మేలు జరిగింది. మనమేమో సమయం తగ్గించడానికి దాన్ని వాడుతున్నాం.

సమయం దొరికితే క్లాసులో ఏం చేయొచ్చో ఒక పీరియడ్ చెప్తాను. శాంపిల్ మారినప్పుడల్లా దాని సగటు ఎలా మారుతుందో చెప్పే శాంప్లింగ్ డిస్ట్రిబ్యూషన్ మీద చిన్న వీడియో ముందురోజు పంపాను. క్లాసులో అడుగుపెట్టగానే బోర్డు మీద ఒక ప్రశ్న రాశాను. మిల్లులో పాతిక కిలోల బియ్యం బస్తాలున్నాయి. బస్తాల సగటు తూకం సరిగ్గా 25 కిలోలే, స్టాండర్డ్ డీవియేషన్ (ఒక్కో బస్తా ఆ సగటుకు అటూ ఇటూ ఎంత పోతుందో చెప్పే కొలత) 400 గ్రాములు. ఒకరు 4 బస్తాలు తూచి సగటు కట్టారు, ఇంకొకరు 100 బస్తాలు తూచి కట్టారు. ఎవరి సగటు 25 కిలోలకు 200 గ్రాములకన్నా ఎక్కువ దూరం పోయే అవకాశం ఎక్కువ? మొదటివారిదైతే ఒక వేలు, రెండోవారిదైతే రెండు వేళ్లు, ఇద్దరిదీ సమానమైతే మూడు. పక్కవాళ్లకు కనబడకుండా గుండె దగ్గర పెట్టి చూపించమన్నాను.

సగానికి పైగా రెండు వేళ్లు లేచాయి. వీడియో అందరూ చూశారు, ఫార్ములా అందరికీ వచ్చు, అడిగితే సిగ్మా బై రూట్ ఎన్ (స్టాండర్డ్ డీవియేషన్‌ను తూచిన బస్తాల సంఖ్య వర్గమూలంతో భాగించడం) అని గడగడా చెప్తారు. నేను జవాబు చెప్పలేదు. వేరే జవాబు ఇచ్చినవాళ్లను వెతుక్కుని మాట్లాడుకోమన్నాను. క్లాసంతా గోల. కిటికీ పక్క బెంచీలో ఒకబ్బాయి, "ఎక్కువ బస్తాలు తూస్తే తప్పు రావడానికి ఎక్కువ ఛాన్స్ కదరా" అంటున్నాడు. అవతలివాడు నోట్సు మూసేసి, "అది కాదురా, ఒక బస్తా కాస్త ఎక్కువుంటే ఇంకోటి కాస్త తక్కువుంటుంది. వంద తూస్తే ఆ ఎక్కువ తక్కువలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. నాలుగే తూస్తే నాలుగూ బరువైనవే తగలొచ్చుగా" అన్నాడు. మొదటివాడు కాసేపు ఆలోచించి, "అయితే ఆ రూట్ ఎన్ కింద ఉండేది అందుకా?" అన్నాడు.

రెండోసారి వేళ్లు ఎత్తమంటే దాదాపు అందరివీ ఒక వేలే. అప్పుడు లెక్క కట్టాం. నాలుగు బస్తాలకు ఆ ఫార్ములాతో వచ్చే స్టాండర్డ్ ఎర్రర్, అంటే సగటు అటూ ఇటూ పోయే కొలత, 200 గ్రాములు, కాబట్టి అంత తేడా దాదాపు మూడింట ఒకసారి వస్తుంది. వందకు అది 40 గ్రాములే, కాబట్టి 200 గ్రాముల తేడా దాదాపు రానే రాదు. నేను ఎన్నో ఏళ్లుగా ఇదే సంగతిని బోర్డు మీద చక్కగా వివరించాను. ఆ అబ్బాయి తన స్నేహితుడికి చెప్పినంత బాగా పిల్లల మనసుకు ఎక్కలేదు.

ఈ పద్ధతి నా సొంతం కాదు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990ల మొదట్లో దీన్ని తయారుచేశారు, పీర్ ఇన్‌స్ట్రక్షన్ అంటారు. దీనికి కంప్యూటర్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. క్లాసులో సమయం మాత్రం కావాలి. పాఠం మొత్తం నేనే బోర్డు మీద చెప్పుకుంటూ పోతే ఒక ప్రశ్న మీద ఇరవై నిమిషాలు పెట్టే తీరిక ఎక్కడినుంచి వస్తుంది? వీడియో అసలు ఉపయోగం నాకు ఇక్కడే.

పిల్లలకు మొదట్లో ఇది నచ్చదు. "మేడమ్ క్లాసులో పాఠం చెప్పట్లేదు" అని హెచ్‌ఓడీ దాకా వెళ్తారు. దీనికీ ఒక మంచి పరిశోధన ఉంది. 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ విద్యార్థుల మీద చేశారు. తామే సమస్యలు సాధిస్తూ నేర్చుకున్న పిల్లలు పరీక్షలో ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారు, కానీ తాము తక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు. ధారాళంగా సాగిన లెక్చర్ విన్నవాళ్లకు అంతా అర్థమైనట్టు అనిపించింది. కష్టపడినప్పుడు మనకు రావట్లేదేమో అనిపించడం సహజం. అందుకే సెమిస్టర్ మొదటి వారంలోనే ఈ పరిశోధన గురించి పిల్లలకు చెప్పేస్తాను. చెప్పిన తర్వాత ఫిర్యాదులు బాగా తగ్గాయి. స్టూడెంట్ ఫీడ్‌బ్యాక్ మార్కులతో అధ్యాపకుల్ని తూచేవాళ్లు కూడా ఈ సంగతి తెలుసుకోవాలి. కొత్త పద్ధతి మొదలుపెట్టిన టీచర్‌కి మొదటి సెమిస్టర్‌లో ఫీడ్‌బ్యాక్ పడిపోతే ఆమె మళ్లీ డిక్టేషన్‌కి పోతుంది.

ఇక ఫోన్లు, నెట్టు. 2017-18 జాతీయ శాంపిల్ సర్వే ప్రకారం దేశంలో గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతమే, ఇంటర్నెట్ ఉన్నవి 15 శాతం. తర్వాత స్మార్ట్‌ఫోన్లు చాలా పెరిగాయి, నిజమే. కంప్యూటర్లు మాత్రం మా పిల్లల ఇళ్లలోకి ఇంకా రాలేదు. ఫోన్ ఉన్నా అది ఎవరి చేతిలో ఉంటుంది అన్నది ఇంకో ప్రశ్న. తమ్ముడు గేమ్ ఆడటం అయ్యాక, వంటపని అయ్యాక, రాత్రి పదింటికి చేతికొచ్చే ఫోన్‌లో మా అమ్మాయిలు పాఠం వింటారు. అందువల్ల బ్లెండెడ్ పేరుతో సాయంత్రం ఆరింటికి లైవ్ క్లాసు పెట్టడాన్ని నేను పూర్తిగా వ్యతిరేకిస్తాను. ఆ సమయానికి ఫోన్ దొరకని పిల్లకు ఆబ్సెంట్ పడుతుంది, పాఠమూ పోతుంది. రికార్డు చేసి పంపితే ఆమె వీలు చూసుకుని వింటుంది. చాలామంది పొద్దున బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటారు.

నా వీడియోలు పది నిమిషాలు దాటవు. ఎడెక్స్‌లో లక్షలాది వీడియో సెషన్లను పరిశీలించి 2014లో తేల్చింది కూడా వీడియో చిన్నదిగా ఉండాలనే, ఆరు నిమిషాలు దాటిన వీడియోలను జనం మధ్యలోనే వదిలేస్తున్నారు. స్లయిడ్లు చదివే వీడియోకన్నా చేత్తో రాస్తూ చెప్పే వీడియోనే ఎక్కువసేపు చూస్తారని కూడా అందులో ఉంది. దానికి స్టూడియో అక్కర్లేదు. స్టాండుకి బిగించిన ఫోన్, తెల్లకాగితం, స్కెచ్ పెన్ను చాలు. ఫైలు చిన్నదిగా చేసి గ్రూపులో పెడతాను. అదే విషయం చేత్తో రాసిన రెండు పేజీల స్కాన్ కూడా పెడతాను. ఫోన్ అసలే లేనివాళ్లకు ఆ పేజీలు జిరాక్స్ తీసి ఇస్తాం, లేదా క్లాసుకు ముందు మా ల్యాబ్‌లో చూస్తారు.

భాష గురించి చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ కాలేజీలన్నీ ఇంగ్లిష్ మీడియంలోకి మారాయి. ఇంటర్ దాకా తెలుగులో చదివిన పిల్ల ఒక్కసారిగా "హైపోథెసిస్", "ఎస్టిమేటర్", "అన్‌బయాస్డ్" అన్న మాటల మధ్యలో పడుతుంది. క్లాసులో ఒక మాట అర్థంకాకపోతే తర్వాతి పది నిమిషాలూ పోయినట్టే. నలుగురిలో చెయ్యెత్తి "మళ్లీ చెప్పండి" అని అడగడానికి బిడియం. వీడియోను ఎన్నిసార్లు వెనక్కి తిప్పుకున్నా అడిగేవాళ్లు లేరు. నేను ఇంగ్లిష్ పదం చెప్పి, దాని చుట్టూ తెలుగులో మాట్లాడతాను, పరీక్షలో ఎలా రాయాలో మళ్లీ ఇంగ్లిష్‌లో రాసి చూపిస్తాను. క్లాసులో ఏనాడూ నోరు విప్పని ఒకమ్మాయి, మనం మొదట అనుకున్న మాట (నల్ హైపోథెసిస్) నిజమైతే ఇంత తేడా గానీ ఇంతకన్నా ఎక్కువ తేడా గానీ ఉన్న ఫలితం వచ్చే అవకాశం (పీ వాల్యూ) గురించి రాత్రి వాయిస్ మెసేజ్ పెట్టింది: "మేడమ్, పీ వాల్యూ చిన్నదైతే నల్ హైపోథెసిస్ తప్పు అని రుజువైనట్టేనా, లేకపోతే అనుమానం గట్టిపడినట్టా?" పీజీలో కూడా ఇంత మంచి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. మర్నాడు ఆమె పేరు చెప్పకుండా క్లాసులో దాంతోనే మొదలుపెట్టాను. చర్చ ఊపందుకున్నాక ఆమే లేచి మాట్లాడింది.

ఇవన్నీ చేయడానికి పని పెరుగుతుంది. పది నిమిషాల వీడియో ఒకటి తయారుచేయడానికి ఒక సాయంత్రం పోతుంది. పిల్లల్ని తడబడేలా చేసి ఆలోచింపజేసే ఒక మంచి ప్రశ్న తయారుచేయడానికి అంతకన్నా ఎక్కువ పడుతుంది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి నేరుగా బోధించే గంటలు 16. వీడియో చేసిన గంట ఇందులోకి వస్తుందా, రాత్రి సందేహాలకు జవాబిచ్చిన గంట వస్తుందా అంటే ఏ సర్క్యులర్‌లోనూ స్పష్టత దొరకదు. పోస్టులు ఖాళీగా ఉన్న శాఖల్లో మిగిలిన ఒకరిద్దరు అధ్యాపకులు ఇవన్నీ ఉత్సాహం మీద ఎంతకాలం నెట్టుకొస్తారు? పైగా వంద మంది ఉన్న క్లాసులో గుంపుల మధ్య ఒక్కరే తిరిగితే సగం గుంపుల దగ్గరికి చేరేలోపే బెల్లు కొడతారు. బియ్యం బస్తాల ప్రశ్న అంత బాగా నడవడానికి ఆరోజు నాతోపాటు ఇద్దరు రీసెర్చ్ స్కాలర్లు క్లాసులో తిరగడం కూడా కారణం.

సిలబస్ నిర్ణయించే బోర్డ్ ఆఫ్ స్టడీస్ వచ్చే సమావేశానికి నేను రాసి ఇచ్చిన ప్రతిపాదన ఇదే. ప్రతి పేపర్‌లో మొదట ఒక్క యూనిట్‌నే ఇలా మార్చాలి. ఆ యూనిట్‌కి రెండు పీరియడ్లు వరసగా ఇవ్వాలి. ముప్పై మందికి ఒకరు చొప్పున రీసెర్చ్ స్కాలరో గెస్ట్ ఫ్యాకల్టీయో క్లాసులో ఉండాలి, వాళ్లకు ఆ గంటల జీతం ఇవ్వాలి. వీడియో తయారీని వర్క్‌లోడ్‌లో కలపాలి. బ్లెండెడ్ కారణంగా ఏ శాఖలోనూ ఒక్క బోధన గంట గానీ ఒక్క పోస్టు గానీ తగ్గించబోమని సిలబస్ మొదటి పేజీలోనే రాయాలి. చివరి వాక్యం దగ్గర పేచీ వస్తుందని ఇప్పటికే ఇద్దరు సభ్యులు ఫోన్ చేసి చెప్పారు. మిగతా వాటిలో దేన్నైనా మార్చుకుంటాను. ఆ వాక్యం లేకపోతే మాత్రం ఆ సిలబస్ మీద నేను సంతకం పెట్టను.